నీళ్ళక్క ఆఖరి పక్షి

అధ్యక్షుల కుర్చీలో కూర్చుని కూడా ముసుగు కప్పిన తన కారు వైపే ఓరగా చూస్తున్న పళ్ళ డాక్టరుగారికి, పాత కార్లను కొత్తగా తీర్చే ఈ షెడ్డును ముప్పై ఏళ్ళుగా నడుపుతూ నాకు తెలిసి మొదటిసారి గ్రీజు మరక లేని చొక్కాతో కనిపిస్తున్న మా యజమానిగారికి, ముందు వరసలోని పెద్దలకు, కుర్చీలు చాలక టైర్ల మీద సర్దుకున్న మిత్రులకు, తన వీడ్కోలు సభకు అందరికన్నా ముందొచ్చి తనే నేల తుడిచి కుర్చీలు వేసిన మా నీళ్ళక్కకు నమస్కారాలు.

ముందుగా ఒక మనవి. మైకు ముందు ఆవిణ్ణి ‘మీరు’ అనాలని యజమానిగారు పొద్దున్న నాతో మూడుసార్లు అనిపించి చూశారు. మూడుసార్లూ అక్క పకపకా నవ్వేసింది. కాబట్టి నాకు అలవాటైనట్టే మాట్లాడతాను. పెద్దలు మన్నించాలి.

ఆవిణ్ణి నీళ్ళక్క అని ఎందుకంటారో బయటినుంచి వచ్చినవాళ్ళకు చెప్పాలి. పాత కార్ల తలుపుల మీదా, డిక్కీ మీదా కంపెనీ గుర్తులుంటాయి చూశారా, పక్షులూ, కిరీటాలూ, తీగల్లా అల్లుకున్న అక్షరాలూ, అవన్నీ రంగుతో వేసినవనుకుంటాం గానీ చాలావరకు నీళ్ళబొమ్మలు. కాగితం మీద అచ్చువేసిన పల్చటి పొర అది. గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే కాగితాన్ని వదిలి జారుతుంది. జారుతున్నప్పుడే దాన్ని తడి తలుపు మీదికి దించి, చోటు చూసి, నడిమినుంచి అంచుల దాకా రబ్బరు పలకతో నీళ్ళు నెట్టెయ్యాలి. చెప్పడానికి ఇంతే. కానీ నీళ్ళు పోయాయంటే బొమ్మ ఇక కదలదు. గోటితో లాగితే చినుగుతుంది, బతిమాలితే వినదు. ఆ పని చెయ్యడానికి ఇరవై ఆరేళ్ళు పొద్దున్నే తెల్ల బేసిన్ నిండా నీళ్ళు పట్టుకుని కూర్చుంది కాబట్టి ఆవిడ నీళ్ళక్క. ఆవిడకన్నా తొమ్మిదేళ్ళు పెద్దవాడైన మా పెయింటు బాబాయ్ కూడా అక్కా అనే పిలుస్తాడు. ఏం బాబాయ్, నిద్రపోతున్నావా? (నవ్వులు.) చెవి మీద ఎర్ర రంగు తుడుచుకో, ఫొటోల్లో పడుతుంది.

ఇక నా సంగతి. డిగ్రీ చేతికొచ్చాక రెండేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మానేసిన పిల్లని. కాలు ఒకచోట నిలవదని మా అమ్మ బంధువులందరికీ చెప్పి పెట్టింది, వాళ్ళు మర్చిపోకుండా అప్పుడప్పుడూ ఫోన్ చేసి గుర్తు కూడా చేస్తుంది. ఇక్కడికి మూడు నెలలకని వచ్చాను. మొదటి రోజు అక్క నాతో అన్న మొదటి మాట, “చేతులు కడుక్కో.” కడుక్కుని వచ్చాను. “మళ్ళీ కడుక్కో. నీ చేతులకింకా తొందరుంది.” ఆ తర్వాత పనికిరాని తలుపొకటి గోడకి ఆనించి, దాని మీద ఒకే అంకెని నూట పది సార్లు దింపించింది. ప్రతిసారీ సంచిలోంచి రసమట్టం తీసి పెట్టేది. అందులో బుడగ నడిమిన నిలబడకపోతే, “ఊఁ, తియ్” అనేది. బేల్దారీవాళ్ళు గోడలకి పెట్టి చూసే ఆ రసమట్టాన్ని ఈవిడ వెంట్రుకంత మందం లేని బొమ్మకి పెడుతుంటే, ఇదేం చాదస్తం అని నేను లోలోపల విసుక్కునేదాన్ని. లోలోపలే అంటున్నాను గానీ, నా మొహంలో ఏదీ దాగదని అక్క అంటుంది.

ఇప్పుడు డాక్టరుగారి కారు దగ్గరికి వస్తున్నాను. డాక్టరుగారూ, కాసేపు కారుని వదిలి నన్ను చూడండి, ఇందులో మీకు తెలియనివి రెండున్నాయి.

మూడు నెలల కిందట ఈ కారు డ్రైవరు వైపు తలుపు మీద పాత రంగుని తడి ఉప్పుకాగితంతో అరగదీస్తుంటే, లోపలి పొరలో పక్షి ఆకారం బయటపడింది. ఎవరో ఎప్పుడో అసలు బొమ్మ మీదే రంగు కొట్టేశారు. నేను ఎగిరి గంతేసి, ట్రేసింగ్ కాగితం పెట్టి గీత గీసుకుని, కొలిచి చూస్తే ముక్కు తోకకన్నా బొటనవేలి వెడల్పంత పైకుంది. పక్షి వంకర. డాక్టరుగారికి ఫోన్ చేస్తే క్లినిక్‌లో పేషెంటుని నోరు తెరిపించే ఉంచి వచ్చేశారు. (నవ్వులు. డాక్టరుగారు: “మత్తు సూది ఇచ్చే వచ్చానమ్మా!”) సరే, మత్తిచ్చే వచ్చారు. వచ్చి మాకు పాఠం చెప్పారు. ఆ మోడల్‌లో కొన్ని కార్లకే ఈ వంకర ఉందట, గాలికి ఎదురు ఎగిరే పక్షి ముక్కు పైకెత్తుతుంది కాబట్టి కంపెనీ చిత్రకారుడు కావాలనే అలా పెట్టించాడట, పాతకార్ల సంఘం పుస్తకంలో దీని మీద ఏకంగా రెండు పేజీలున్నాయట, పోటీలో జడ్జీలు ఆ వంకరని స్కేలు పెట్టి కొలుస్తారట. ఆయన చెబుతున్నంతసేపూ అక్క కడిగిన బేసిన్‌నే మళ్ళీ కడుగుతూ కూర్చుంది.

డాక్టరుగారు రేకుడబ్బాలోంచి ఆ కాలంనాటి అసలు నీళ్ళబొమ్మలు, రెండంటే రెండు పక్షులు, తీసి బల్ల మీద పెట్టారు. “ఉన్నది ఉన్నట్టే దించాలమ్మా” అన్నారు. అక్క తల ఎత్తకుండా, “దించితే తిన్నగా దించుతాను. లేకపోతే దించను” అంది.

ఆ తర్వాత పదిహేను రోజులు ఈ షెడ్డులో ఏం జరిగిందో మీలో సగం మందికి తెలుసు. ఊళ్ళో వంకర పళ్ళన్నీ తిన్నగా చేసిన పెద్దమనిషి ఈ ఒక్క వంకర ఉండి తీరాలంటారు. పక్కింటి గడపకి మేకు వంకరపోయినా తనే వెళ్ళి పీకి కొట్టొచ్చే మనిషి ససేమిరా అంటుంది. యజమానిగారు ఆయనకి కాఫీ, ఈవిడకి కాఫీ పట్టుకుని అటూ ఇటూ తిరిగారు. అక్క కారణం చెప్పదు. డాక్టరుగారు మొండితనం అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

అందుకే ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఈ తగువు నేనే తీర్చేద్దామని కూర్చున్నాను. డాక్టరుగారూ, రెండు పక్షుల్లో ఒకటి కాలం చెల్లి పాడైందని మీకు చెప్పాం కదా. కాలం చెల్లలేదండీ, నేను చెల్లించాను. (నవ్వులు.) అంత పాత బొమ్మకి ముందు పల్చగా వార్నీషు పూసి, ఒక రోజంతా ఆరబెట్టి, అప్పుడు నీళ్ళలో వెయ్యాలి. పొరని అదే పట్టి ఉంచుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, ఒక రోజు ఎవరు ఆగుతారని నీళ్ళలో వేసేశాను. పక్షి కాగితం మీదినుంచి జారలేదు, గుడ్డుపెంకులా చిట్లింది. ముక్కొకటి, రెక్కొకటి, నా వేళ్ళ మధ్యనుంచి తేలిపోయాయి.

అక్క వచ్చేసరికి నేను బ్యాగు సర్దుకుంటున్నాను. ఐదో ఉద్యోగం కూడా అయిపోయిందనుకున్నాను. ఆవిడ బేసిన్‌లోకి చూసింది, నన్ను చూసింది.

“ఎక్కడికి?”

“ఎలాగూ రావద్దంటారుగా, అక్కా.”

“ఎవరన్నారు?”

“అంటారు.”

“నిన్నింకా ఎవరూ అనలేదు. నన్నన్నారు. కూర్చో.”

అప్పుడు చెప్పింది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ మొదటి ఉద్యోగం ఆ కార్ల ఫ్యాక్టరీలోనే. డ్రైవరు వైపు తలుపుల మీద పక్షిని దించడం పని. కార్లు వరసగా ఎత్తయిన పట్టీ మీద కదులుతూ ఉంటాయి, ఆగవు. మనిషి పొట్టి, చెయ్యి అందదు. బొమ్మ మీద రబ్బరు పలక పెట్టి పక్కనే నడుస్తూ, తోక జారిపోకుండా బొటనవేలితో నొక్కిపట్టి నీళ్ళు నెడుతుంటే, కారు ముందుకి పోయేది, ముక్కు పైకి లేచేది. ఒక రోజు పై అధికారి పని ఆపించి, అందరినీ పిలిచి, ఆవిణ్ణి ఆ కార్ల వరస వెంట నడిపిస్తూ ఒక్కొక్క తలుపూ చూపించాడు. “ఈ అమ్మాయి పక్షులకి మెడలు పట్టేశాయి” అన్నాడు. అందరూ నవ్వారు. మూడో నెలాఖరున రేపట్నుంచి రావద్దన్నారు. ఆ సాయంత్రమే ఇంటికెళుతూ దారిలో ఆవిడ కొనుక్కున్న వస్తువు, నేను చాదస్తం అనుకున్న ఆ రసమట్టం.

“వెళ్ళి చూడు, తోక చివర బొటనవేలి నొక్కుంటుంది” అంది. చూశాను. తలుపు మీద తోక ఆకారంలో చివర కొంచెం, నెలవంకలా, లోపలికి నొక్కుంది. గీత గీసినప్పుడు అది చెడిపోయిన రంగనుకుని వదిలేశాను. అక్క లేచొచ్చి అందులో తన బొటనవేలు పెట్టింది. సరిపోయింది.



ఈ సంగతి ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు అక్క. నిన్న సాయంత్రం చెప్పనా అని అడిగితే, “చెప్పుకో. సోమవారం నుంచి నేను రానుగా” అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. అక్కా, నువ్వు తిప్పుకున్నావు, నేను చూశాను.

కాబట్టి డాక్టరుగారూ, ఆ పుస్తకంలోని చిత్రకారుడు లేడు, గాలికి ఎదురెగరడమూ లేదు. చెయ్యి అందని ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల ఉంది, ఆవిడ ఇదిగో, మీ ఎడమ పక్కన కూర్చుని ఉంది. మీరు అసలుది కావాలన్నారు, ఉన్నది ఉన్నట్టే కావాలన్నారు. ఈ తలుపు మీద పక్షిని మొదట దించిన చెయ్యే మళ్ళీ దించుతానంటోంది. ఇంతకన్నా అసలుది ఏ పోటీలో ఎవరు చూపించగలరండీ? ఆ చెయ్యి తిన్నగా పెట్టినా అది అసలుదే. తలుపుకి కొత్త రంగు పడింది, తగువు మాత్రం ఇవాళ్టిదాకా తెగలేదు. మిగిలింది ఒక్క పక్షి. దానికి వార్నీషు నిన్న పొద్దున్నే నేనే పూశాను, రోజంతా ఆగాను, అది నా జీవితంలో రికార్డు. (నవ్వులు.) ఇన్నేళ్ళుగా ఆవిడ మనసులో ఆ వరస కార్లు నిలబడే ఉన్నాయి. ఒక్కటైనా తిన్నగా పెట్టి ఇంటికి వెళ్ళనివ్వండి. నా వీడ్కోలు ప్రసంగం అంతా ఈ ఒక్క మాట అడగడానికే.

(డాక్టరుగారు లేచి నిలబడ్డారు. “వంకరవి తిన్నగా చెయ్యడం గురించి నాకు చెప్పాలామ్మా? నలభై ఏళ్ళు నా పనే అది. పోటీ పోతే పోయింది. తిన్నగా వెయ్యండి.” చప్పట్లు.)

చప్పట్లు ఆపండి, ఆపండి, అక్క ఏదో అంటోంది. మైకు అక్కర్లేదంటోంది. ఏంటక్కా?

(నీళ్ళక్క, కుర్చీలోంచే: “రెండు పేజీలు రాశారా, నిజంగా?”)

రెండు పేజీలక్కా. బొమ్మలతో.

(“స్కేలు పెట్టి కొలుస్తారా?”)

కొలుస్తారు.

(నీళ్ళక్క నవ్వడం మొదలుపెట్టింది. సభంతా నవ్వింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని: “అయితే వంకరే పెడతాను. అప్పుడు చేతకాక వంకరపోయింది. ఇవాళ చేతనై వంకర పెడతాను, అంతే వంకర, ఈసారి ఆగి ఉన్న కారు మీద. ఎవడొచ్చి కొలుస్తాడో కొలవమను. ఆ ట్రేసింగ్ కాగితం ఎక్కడ పెట్టావే?”)

నా దగ్గరే ఉందక్కా, ఈ ప్రసంగం కాగితాల కిందే. ఇంకా నాలుగు పేజీలున్నాయి గానీ, ఇప్పుడవి ఎవరికి కావాలి? నువ్వు లేచావు. ముసుగు తీస్తున్నావు. సంచి కుర్చీ మీదే వదిలేశావు, రసమట్టం అందులోనే ఉంది, నేను చూస్తున్నాను. నీ ముందు నిలబడి నువ్వు గొప్పదానివని చెబితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు కాబట్టి చెప్పను. ఇక్కడికొచ్చిన ఈ రెండేళ్ళలో నేను ఎక్కడికీ వెళ్ళలేదన్న మాట మాత్రం చెబుతాను. దాని అర్థం నీకూ తెలుసు, మా అమ్మకీ తెలుసు.

పక్షి నీళ్ళలో పడింది. పాతది కాబట్టి రెండు నిమిషాలు నానాలి. ఆ రెండు నిమిషాల్లో చెప్పెయ్యాలి. పోటీ పోయినా సరే అన్న డాక్టరుగారికి కృతజ్ఞతలు. పదిహేను రోజులు కాఫీ మోసిన యజమానిగారికి, మేలుకున్న పెయింటు బాబాయ్‌కి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు.

తలుపు తడిపింది. నన్ను చూస్తోంది. ఏంటక్కా? ... తోక పట్టుకోవడానికి మనిషి కావాలట. ఆ మాట వినడానికే నిలబడ్డట్టున్నాను ఇంతసేపూ. వస్తున్నానక్కా.

ముందు చేతులు కడుక్కోవాలి. రెండుసార్లు. సెలవు.