తీర్పు చెప్పేందుకు జర్మన్

మల్కాపురంలో జర్మన్ నేర్పే టీచరు ఎదుట డెబ్బై ఏళ్ల మామ్మ కొత్త నోటుపుస్తకం తెరిచి కూర్చుంది.

"ఈ వయసులో జర్మన్ దేనికి మామ్మగారూ?"

"నా కొడుకూ కోడలూ నీ కాడే నేర్సుకున్నారమ్మా. ఇప్పుడు ఇంట్లో ఆ బాసలోనే దెబ్బలాడుకుంటన్నారు. తప్పెవుల్దో తెలకపోతే నాను తీర్పెలాగ సెప్పేది?"

"తెలుగులో దెబ్బలాడుకోమనండి."

"అన్నాను. 'అప్పుడు నువ్వు మద్దిలోకి వచ్చేత్తావు' అన్నారు."

టీచరు హాజరుపట్టీ తిరగేసింది. ఆ దంపతులు వచ్చింది రెండు క్లాసులకే.

"వాళ్లకి జర్మన్‌లో వచ్చినవి రెండే మాటలు మామ్మగారూ. 'నమస్కారం', 'స్టేషన్‌కి దారెటు'."

"మరి నిన్న కోడలు అరిసీసరికి ఆడు ఏడిసీసినాడు గదమ్మా?"

"స్టేషన్‌కి దారి అడిగుంటుంది."

మామ్మ పెన్ను మూత తీసింది.

"అయితే ఆ దారి సెప్పడం నేర్పమ్మా. తగువు తీర్సీత్తాను."