సకెల్లారిస్ చూసిన పొసైడన్

చంద్రుడి మీద మనుషులు నడుస్తున్న ఫొటో ఒకటి పేపర్లో వస్తే, మికేస్ దాన్ని కత్తిరించి తన కాఫీ కొట్టు గోడకి అంటించాడు. ఆ వేసవంతా మేం లిబియా తీరంలో స్పాంజి వేటలో ఉన్నాం. అక్టోబరులో పడవలు తిరిగొచ్చాకే ఆ సంగతి మాకు తెలిసింది. ఆ మధ్యాహ్నం వాన పడుతోంది, ఎవరికీ పని లేదు. పడవలు బాగుచేసే నికితాస్ ఆ ఫొటో చూసి, "అబ్బో, ఎంత దూరం పోయార్రా!" అన్నాడు. అంతే, మూల బల్ల దగ్గర సకెల్లారిస్ గొంతు సవరించుకున్నాడు.

అతని గురించి ముందో మాట చెప్పాలి. మా దీవిలో, సముద్రం అడుగున రాళ్లకి పెరిగే స్పాంజి కోసం ఒకడు తాడు కట్టిన రాయి పట్టుకుని కిందికి దిగుతాడు, పైన పడవలో ఇంకొకడు తాడు పట్టుకుని కూర్చుంటాడు. తాడు కదిలిందా, లాగాలి. థెమెలిస్ దిగేవాడు, సకెల్లారిస్ తాడు పట్టేవాడు. అప్పటికి ఆరేళ్ల కిందట ఓ రోజు థెమెలిస్ పైకి రాలేదు, శవమూ దొరకలేదు. అలాంటప్పుడు తాడు పట్టినవాడే ఆ ఇంటికెళ్లి, పోయాడమ్మా అని తన నోటితో చెప్పాలి. అప్పుడే ఆ ఇల్లాలు పోయినవాడి పేరు మీద గోధుమలు ఉడకబెట్టి చర్చికి తీసుకెళ్తుంది. ఇంకెవరు చెప్పినా చెల్లదు. సకెల్లారిస్ ఆ గడప తొక్కలేదు. ఇక్కడ కూర్చుని, థెమెలిస్‌ని వెతుక్కుంటూ తను ఎంత దూరం వెళ్లాడో కథ చెప్పేవాడు. థెమెలిస్ పెళ్లాం సెవస్తి అటు భార్యా కాక, ఇటు విధవా కాక ఆరేళ్లుగా అలాగే ఉండిపోయింది. మాకూ బుద్ధి లేదు, ఆ కథ వింటూ నవ్వేవాళ్లం.

"చంద్రుడా?" అన్నాడు సకెల్లారిస్. "చంద్రుడెంత దూరం నాయనా, ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉన్నాడుగా. కనిపించే చోటికి వెళ్లడం కూడా ఓ వెళ్లడమేనా? నేను వెళ్లిన చోట నిలబడి చూస్తే మన సూర్యుడే ఓ మిణుగురు. మికేస్, నాకో కాఫీ, చక్కెర దండిగా వెయ్యి. ఏం చెబుతున్నానూ? ఆ రోజు. గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టుంది. థెమెలిస్ దిగాడు. ముప్పై బారల లోతు. తాడు నా చేతిలో ఉంది. ఎంతకీ కదలదే! నేను ఊరుకునేవాణ్ణా? చొక్కా విప్పి పారేసి దూకేశాను."

"బూట్లతోనా మావా?" అన్నాడు నికితాస్.

"బూట్లు కెప్టెన్ చేతికిచ్చాను, కొత్తవి. ముప్పై బారల దగ్గర ఓ స్పాంజి కనిపించింది, బట్టలుతికే తొట్టి అంత ఉంది. సరే, ఉట్టి చేతులతో పోవడమెందుకని చంకన పెట్టుకున్నా. థెమెలిస్ లేడు. ఇంకా దిగాను. అరవై. నూరు. మూడొందల బారలు."

"ఊపిరో?"

"ఊపిరి సంగతి ఎవడికి గుర్తుందిరా? గుర్తొస్తేగా అవసరమయ్యేది. అడుగు తగిలింది. ఇసక కాదు. కాలితో తడిమితే నున్నగా, చల్లగా, బిందె మూతలా ఉంది. ఇనప మూత! మన దీవంత మూత. అప్పుడు నేనేం చేశానో తెలుసా? మర్యాదస్థుణ్ణి కదా, వేలితో మూడుసార్లు తట్టాను. తెరుచుకుంది. లోపల చుక్క నీళ్లు లేవు. అడ్డూ ఆపూ లేకుండా నక్షత్రాలు. మధ్యలో కుర్చీ వేసుకుని పొసైడన్, మన పాత సముద్ర దేవుడు."

"అదే, బొమ్మల్లోలాగా గడ్డం పెంచుకుని?" అన్నాడు మికేస్ కాఫీ పెడుతూ.

"ఆ బొమ్మలు గీసినవాడు చూశాడా? చూసినవాణ్ణి నేను. గడ్డం కాదది, రాగి తీగలు. ఒక్కో తీగ ఒక్కో సముద్రం చప్పుడు వింటుంది. నేను మూత అనుకున్నది అతని ఓడ తలుపు. త్రిశూలం ఉంది చూడు, అది ఆ ఓడకి చుక్కాని. మూడు ములుకులూ మూడు సూర్యుళ్ల వైపు తిప్పి పెట్టుకుంటాడు, దారి తప్పకుండా. దేవుడూ కాదు పాడూ కాదు, మనలాగే సముద్రం మీద బతికినవాడు. వాళ్ల లోకంలో సముద్రం ఎండిపోయిందట. ఇంకో సముద్రం వెతుక్కుంటూ నక్షత్రాలన్నీ తిరిగి తిరిగి మన దగ్గర లంగరు వేశాడు. మన తాతల తాతలు చూసి దండం పెట్టారు. వద్దని చెబుదామంటే భాష రాలేదంట పాపం."

"మరి భూకంపాలు? కోపమొస్తే తెప్పిస్తాడంటారే."

"కోపమా! ఓడ ఇంజను పాతదిరా. చలికాలం రెండు మూడుసార్లు తిప్పితేగానీ అందుకోదు. అప్పుడు మనకిక్కడ ఇళ్లూగుతాయి."

"పోయినసారి మా పెరటి గోడ కూలింది."

"నికితాస్ గోడ అని నీ పేరు పెట్టి అడిగాడు. నొచ్చుకున్నాడు."

కొట్టంతా గొల్లుమంది. సకెల్లారిస్ నవ్వలేదు. ఆ కథ చెప్పేటప్పుడు అతను ఎప్పుడూ నవ్వడు.

"ఆ తర్వాత ఇంజను అందుకుంది. ఈ కాఫీ చల్లారేంత సేపట్లో ఏడు లోకాలు దాటాం. ఒక లోకమంతా సముద్రమే, ఒడ్డన్నది లేదు, అడుగూ లేదు. అక్కడి స్పాంజిలు కొండలంతేసి. ఒక్కటి పిండితే మన సముద్రం నిండుతుంది. దారిలో పొద్దుపోక పాచికలాడాం. గెలిచాను. ఓ గ్రహం ఇస్తానన్నాడు. పెట్టుకోడానికి చోటేదయ్యా, ఇల్లే రెండు గదులు, వద్దన్నాను. మరేం కావాలన్నాడు. నా థెమెలిస్ నాకు కావాలన్నాను."

ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ మా నవ్వులు ఆగిపోయేవి. మికేస్ గ్లాసులు తుడవడం మొదలుపెట్టేవాడు.

"తలుపు తీసి చూపించాడు. థెమెలిస్ అక్కడున్నాడు. దిగుతున్నాడు, తేలుతున్నాడు, చేపలాగా. తాడు లేదు, రాయి లేదు. ఏడు లోకాల్లోనూ వాడిలా దిగేవాడు లేడట. వాణ్ణి నాకు వదిలెయ్యి, నా సముద్రాలకి వాడు కావాలి అన్నాడు పొసైడన్. పొసైడనంతవాడు! చేతులు పట్టుకున్నాడు. థెమెలిస్ ఏమన్నాడంటే, ఈ ఒక్కసారి దిగి వచ్చేస్తాను, ఇంట్లో చెప్పమన్నాడు. అక్కడ కాలం మెల్లిగా నడుస్తుందర్రా. మనకి ఆరేళ్లు. వాడికి ఇంకా ఆ మధ్యాహ్నం దాటలేదు. పైకొచ్చి అన్నం చల్లారిందేమిటని అడుగుతాడు, చూస్తూ ఉండండి."

"నీకు ఈత రాదు కదా అన్నయ్యా."

అందరం గుమ్మం వైపు చూశాం. సెవస్తి. మా కాఫీ కొట్లోకి ఆడవాళ్లు రారు. గడప బయట వానలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలీదు.

అతనికి ఈత రాదని దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. తాడు పట్టేవాళ్లలో సగం మందికి రాదు, వాళ్లతో ఈతేం పని? ఆరేళ్లూ ఆ మాట మా ఎవరి నోటా రాలేదు. మంచితనం అనుకున్నాం. వట్టి పిరికితనం.

"నువ్వు దూకలేదు," అంది సెవస్తి. ఆమె గొంతులో కోపం లేదు. "దూకి ఉంటే ఇంకొకడు పోయేవాడు. ఎందుకు దూకలేదని నేను అడగడంలేదు. ప్రతి అక్టోబరూ రేవుకి వెళ్తున్నాను. పడవలన్నీ ఖాళీ అయ్యేదాకా నిలబడి వస్తున్నాను. ఇక నా కాళ్లు లేవట్లేదు. నువ్వు మా ఇంటికి రాలేదు కాబట్టి నేనే వచ్చాను. ఏం జరిగిందో చెప్పు."

సకెల్లారిస్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"ఓ ఇనప మూత…" అన్నాడు.

"అన్నయ్యా."

సకెల్లారిస్ బల్ల వైపు చూస్తూ చెప్పాడు.

"తాడు కదిలిందమ్మా. కదిలే ఉంటుంది. నేను చూసుకోలేదు. మాట్లాడుతున్నాను. పడవలో వాళ్లంతా పడీపడీ నవ్వుతున్నారు, నాకింకా ఊపొచ్చింది. నవ్వులు ఆగాక తాడు లాగి చూశాను. రాయి ఒక్కటే వచ్చింది."

"ఏం చెబుతున్నావప్పుడు?"

"వాడి గురించే."

"ఏమని?"

"థెమెలిస్‌కి ఊపిరితో పనిలేదు, కింద కూర్చుని ఓ కునుకు తీసి, చుట్ట కాల్చుకుని మరీ పైకొస్తాడని."

నేను తల దించుకున్నాను. ఆ రోజు నేనూ ఆ పడవలోనే ఉన్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

సెవస్తి మొహం మీది నీళ్లు తుడుచుకుంది.

"పెళ్లైన కొత్తలో ఆయన నాతోనూ ఇవే కోతలు కోశాడు. భయపడకే, నాకు ఊపిరి అక్కర్లేదు అన్నాడు. నేనూ నవ్వాను. నమ్మాను కూడా." తలుపు చెక్క పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు అన్నయ్యా. నీ నోటితో చెప్పు."

సకెల్లారిస్ లేచాడు. టోపీ తీశాడు. బల్లల మధ్య నుంచి నడిచి ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"థెమెలిస్ పోయాడమ్మా," అన్నాడు. "ఆ రోజే పోయాడు."

సెవస్తి తల ఊపింది. తర్వాత అక్కడే, వానలోనే, గడప మీద కూలబడి, ఆరేళ్లలో మొదటిసారి మొగుడి కోసం గొంతెత్తి ఏడ్చింది.