ఆకుపచ్చ ఫ్రిజ్

ఓహాయోలో మా ఇల్లు అమ్మకానికి పెట్టిన వారం. కిటికీలన్నీ తెరిచి, వంటింట్లో, ఇంటితోపాటే అమ్మేసే పాత ఫ్రిజ్‌కి తెల్లరంగు కొడుతున్నాను. చనిపోయిన నా భార్య ఎడ్నా బట్టలు తీసుకువెళదామని ఆమె చెల్లెలు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏం చేస్తున్నావు బావా?”

“కనబడటం లేదా? ఈ పాతకాలపు ఆకుపచ్చ చూస్తే కొనేవాళ్ళు పారిపోతారని బ్రోకరు అన్నాడు. గరుకు కాగితంతో రుద్ది, స్ప్రే డబ్బాతో రెండు పూతలు వేస్తే కొత్తదానిలా ఉంటుందట.”

“అంత తేలికా?”

“ఒక పూట పని. డబ్బా పన్నెండు డాలర్లు.”

“అక్క కూడా ఒకసారి అలాంటి డబ్బా కొంది.”

“కొంది. చక్కగా పనిచేస్తున్నదానికి సోకులెందుకని నేనే కొట్లో వాపసు ఇచ్చి వచ్చాను.”

“మళ్ళీ అడగలేదా?”

“లేదు. మరిచిపోయిందనుకున్నాను.”

“ఆదివారం చర్చి అయ్యాక మేమంతా కాఫీకి వచ్చేవాళ్ళం. ఒక్కసారైనా మమ్మల్ని ఈ వంటింట్లో కూర్చోబెట్టిందా?”

“వరండాలో కూర్చునేవారు. మీ అక్కకి వరండా అంటే ఇష్టం.”

“జనవరి మంచులో కూడానా?”

“కోటు వేసుకునేదిగా.”

“అందరం వేసుకునేవాళ్ళం బావా. ఈ ఫ్రిజ్ నలుగురూ చూస్తారని అక్కకి సిగ్గు. అది మాకు తెలుసు కాబట్టే, చలేస్తోందని ఒక్కరం కూడా అనేవాళ్ళం కాదు.”