నా వంతుకొచ్చిన భాగహారాలు

ప్రధాన సంఖ్యలా? ఏదీ, ఇలా చూపించు. ఒకటీ, తనూ తప్ప వేటితో భాగించినా ఎంతో కొంత మిగులుతుంది, అదేగా? నవ్వకే అమ్మడూ. మీ తాత నీళ్ళ మీటర్లు బాగుచేసుకునేవాడే కానీ, ఇది నేర్పినాయన సామాన్యుడు కాదు. షెడ్డులో నా పక్క బల్ల ఆయనది. అందరూ భాగహారం అని పిలిచేవాళ్ళు, నాకు మాత్రం అన్నయ్యే. మీటరు మూత విప్పకముందే దాని నంబరు చూసి, ఇది పదమూడుతో పోతుందిరా అనేవాడు. పోయేది కూడాను. చదివింది ఏడో క్లాసు, ఆ బుర్రేమిటో మరి. నాకేమో ఎక్కాలే సరిగ్గా వచ్చేవి కావు... ఆఁ, ఏం చెబుతున్నాను? ఒక పాత ఇత్తడి మీటరొచ్చింది. చిలుం తుడిస్తే తొమ్మిది లక్షల తొంభై ఎనిమిది వేల తొమ్మిది వందల ఇరవై మూడు. రెండుతో పోదు, మూడుతో పోదు, ఏడుతో పోదు. అన్నయ్యకి నిద్ర పట్టలేదంటే నమ్ము. వెయ్యి లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే చాలట, అవి నూట అరవై ఎనిమిది. చెరిసగం చేద్దాంరా, నిన్ను తప్ప ఇంకెవర్ని అడగను అన్నాడు. చిన్నవి తను తీసుకుని, నాలుగు వందల ముప్పై తొమ్మిది నుంచి నాకిచ్చాడు.

ఓ ఇరవై చేశానేమో. తర్వాత విసుగేసింది. నోటికొచ్చిన శేషాలు రాసి పారేశాను, అనుమానం రాకుండా చిన్నవీ పెద్దవీ కలిపి మరీ. ఆ తెలివి మాత్రం ఉంది నాకు! పుస్తకం ఇచ్చేసరికి అన్నయ్య మురిసిపోయాడు. వారం తిరక్కుండా ఒక కాలేజీ మేష్టారు వాళ్ళింటి మీటరు బాగుకి పట్టుకొస్తే, ఆయనకి చూపించాడు. ఆయన స్టూలు మీద కూర్చుని అక్కడక్కడా సరిచూస్తూ, ఆరు వందల పదిహేడు దగ్గర ఆగాడు. 'రెండు వందల నాలుగు మిగిలిందని రాశారే? ఇక్కడేమీ మిగలడం లేదండీ. వెయ్యిన్నీ ఆరు వందల పంతొమ్మిది సార్లు పోతోంది' అన్నాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. అన్నయ్య పుస్తకంలోకి చూశాడు. రాత నాదని తెలీదా? నేను పక్కనే ఉన్నాను, పానా పట్టుకుని. 'ఆ రోజు ఒంట్లో బాగోలేదండీ, నేనే తప్పు రాశాను' అన్నాడు. నేను నోరు విప్పలేదే. ఒక్క మాట, నాది అని ఒక్క మాట అనుంటే నా సొమ్మేం పోయేది? సిగ్గేస్తుందే, ఇప్పటికీ చచ్చేంత సిగ్గేస్తుంది.

ఆయన నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు ఎవడో ఇది దేనితో పోతుందయ్యా భాగహారం అని ఏడిపిస్తే, నాకేం తెలుసు అని మూత విప్పుకున్నాడు. రిటైరయ్యేదాకా మళ్ళీ ఒక్క నంబరూ చదవలేదు. పోయాక వాళ్ళింటికెళ్ళాను, వదినకైనా చెప్పేద్దామని. చెప్పేద్దామనే వెళ్ళానే. ఆవిడ టీ ఇచ్చి, 'మీ గురించే చెప్పేవారయ్యా, నా పిచ్చికి తోడు కూర్చుని కష్టపడ్డవాడు తమ్ముడొక్కడే అని' అంది.

టీ తాగి వచ్చేశాను.

ఆ ఫ్యాను కాస్త తగ్గించవే.