చప్పుడు లేని ఛార్జరు

అలా చూడకండి అత్తయ్యా. సొంత ఇల్లు తగలబెట్టుకోవాలని ఎవడు మాత్రం అనుకుంటాడు? బండి బ్యాటరీని ఛార్జరుతో సహా బీరువాలో పెట్టింది నేనే, కాదనను. చుట్టూ దుప్పట్లు కుక్కిందీ నేనే. మాడు వాసన మీకొచ్చేదాకా నాకు తెలియలేదు. సరే, తప్పే.

కానీ దానికి పిల్లని తీసుకెళ్లిపోతానంటే ఎలా? బడి నుంచి వచ్చి అది "నాన్నా" అంటుందనేగా, రోజంతా మందుల సంచులు వేసుకుని ఊరు తిరిగేది. అదీ లేకపోతే నేను ఇంటికెందుకు రావాలి, మీరే చెప్పండి.

కాస్త నా గోడు కూడా వినండి. ఛార్జింగ్ లేకపోతే బండి కదలదు. కింద ప్లగ్గు లేదు. మూడంతస్తులు మోసుకొచ్చి ఇంట్లోనే పెట్టుకోవాలి. ఆ ఛార్జరులో చిన్న ఫ్యాను ఉంది చూశారా, ఒకసారి మొదలైతే నాలుగు గంటలు ఆగదు. బాత్రూంలో పెట్టి తలుపేశాను, వినిపించింది. అట్టపెట్టెలో పెట్టాను, వినిపించింది. మెట్ల దగ్గర పెడితే ఎదురింటి టైలరు పీకి పారేశాడు. ఇక మిగిలింది బీరువాయే.

ఏంటీ, పాప చదువుకి అడ్డమనా? అవును, మొన్న ఫోన్లో మీకు అలాగే చెప్పాను. అబద్ధం. దాన్ని మిక్సీ పక్కన కూర్చోబెట్టినా లెక్కలు చేసుకుంటుంది. వినలేనిది నేను.

కూర్చోండి అత్తయ్యా. నిలబడి వినే మాట కాదు.

మీ అమ్మాయి మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ ఉండేది కదా, దాని చప్పుడు గుర్తుందా? ఈ ఛార్జరుదీ అచ్చం అదే. గోడవతల నుంచి వింటే ఏది ఏదో చెప్పలేం.

అప్పట్లో ఇల్లు మొత్తానికి ఆ గదిలో ఒక్క పెద్ద ప్లగ్గే పనిచేసేది, మెషిన్‌కీ నా ఛార్జరుకీ అదే. మెషిన్ లోపల కూడా బ్యాటరీ ఉంది, ముప్పావుగంట లాక్కొస్తుంది. ఆ కాసేపు దాని వైరు తీసి నాది పెట్టేవాణ్ణి. ఆవిడే అనేది, "నాది ఎలాగోలా నడుస్తుందిలే, ముందు నీ బండికి తిండి పెట్టు" అని. గడియారం చూసుకుని మళ్లీ మార్చేసేవాణ్ణి. నెలల తరబడి అలాగే చేశాం. ఏమీ కాలేదు.

ఆ రోజూ పొద్దున్నే మార్చాను. ఆవిడ నిద్రపోతోంది. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ చెవి మాత్రం అటే పడేశాను. చప్పుడు వస్తూనే ఉంది. మెషిన్ నడుస్తోంది కదా, పాపం పడుకోనీలే అనుకున్నాను. గంట దాటింది. చప్పుడు వస్తూనే ఉంది.

అది మెషిన్‌ది కాదు అత్తయ్యా. ఛార్జరుది.

బ్యాటరీ అయిపోతే మెషిన్ బీప్ కొట్టాలి కదా అంటారా? ఆ బీప్ పాడై అప్పటికి నెలయింది. రేపు బాగుచేయిస్తా, ఎల్లుండి చేయిస్తా అంటూ నాన్చాను.

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. నేను తలూపాను. మీరొచ్చేసరికి వైర్లు మార్చేసి ఉంచాను. మీ ఒళ్లో పడి ఏడ్చానే, ఆ ఏడుపు మాత్రం దొంగది కాదు.

పోయిన వారం షాపులో అడిగితే ఫ్యాను లేని ఛార్జరు తీసి చూపించాడు. పది గంటలు పడుతుందట గానీ, ఇసుమంత చప్పుడుండదట. దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు ఇదే ఉండుంటే, మెషిన్ ఆగిన క్షణం నాకు తెలిసేది కదా. చేతులకి సబ్బు నురగ ఉండగానే పరిగెత్తేవాణ్ణి కదా. కొనడానికి మనసొప్పలేదు. బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

అదీ సంగతి. పాప నాలుగింటికి వస్తుంది. దానికి చెబుతారో మానుతారో మీ ఇష్టం. బట్టలు సర్దమంటే సర్దుతాను.