సాహుకారికి ఒడిబియ్యం పోసిన రోజు

"అత్తా, పిల్లల కోసం చేయించుకునే ట్రీట్‌మెంట్ కూడా మా ఆఫీసు ఇన్సూరెన్సులో చేర్చమని అడగాలి. మేనేజర్ ముందు కూర్చుంటే నోరు రావడంలేదు. నువ్వు ఆ కాలంలో ఎట్ల అడిగినావు?"

అడిగినానా? అడగలా మే, ఒడి నింపినాను. ఉండు, మొదట్నించి చెప్తాను. నడుమ నవ్వితే చెప్పను.

కె.ఆర్.పురం నుంచి మహదేవపురకి పోతామే, ఆ దోవలో స్విచ్చులు చేసే ఫ్యాక్టరీ ఉండె, నేను ఆడ పనికి పోతాంటిని. ఇప్పుడాడ అద్దాల బిల్డింగు లేచుండాది. తొంబైలు అయిపోయే కాలం. నువ్వు చిన్నబిడ్డ, నా క్యారియర్లో మిగిలే వడ కోసం వాకిట్లోనే నిలబడుకోని ఉండేదానివి. వడ రూపాయో, రూపాయిన్నరో, పోనీలే.

మా సాహుకారు, అదే ఫ్యాక్టరీ ఓనరు, ఉత్తరాది తట్టు మనిషి, మన ఆచారాలు తెలీవు. మంచోడే పాపం, అందరికీ ఇన్సూరెన్సు చేయించినాడు. కాన్పుకి ఇస్తారు, కడుపులో రాయికి ఇస్తారు. నాకు పెండ్లయి పదేండ్లు దాటినా బిడ్డ లేదు. డాక్టరమ్మ చేస్తానన్నదానికి మాత్రం ఇయ్యరంట. మీ మామ జీతం, నా జీతం కలిపినా ఆ సూదులకి చాలదు. వయసు చూస్తే ఆగేది కాదు. నేను బాత్రూములో కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని, మీ మామకి వినబడకుండా.

మొదట యూనియన్ మునిస్వామన్నని పంపిస్తిమి. ఆయన గేటు ముందర మైకు పట్టుకుంటే ఊరంతా అదరాల. సాహుకారి ముందర మాత్రం చెమటలు కక్కి, "ఆడోళ్ళ కష్టం సార్, ఏమన్నా చేయాల" అని వచ్చేసినాడు. నెల తిరక్కుండా మాకు కొత్త కక్కసులు, బాత్రూములు కట్టించినారు. అద్దం కూడా పెట్టించినారు.

ఇది ఇట్ల అయ్యేది కాదని మా లైను జయమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఆయుధపూజకి సాహుకారి పెండ్లాం వస్తాది, ఆమెకి ఒడి నింపుదాము, ఒడి నిండిన మనిషి లేదు అనగూడదు కదా, అప్పుడు అడుగుదాము అని. బియ్యం, టెంకాయ, గాజులు, రవికగుడ్డ, అన్నీ తెచ్చి పెట్టినాము. మిషన్లకి కుంకం పెట్టి, గుమ్మడికాయ కొట్టి చూస్తే, ఆయమ్మ రాలా. నడుము నొప్పంట.

జయమ్మ ఏమనుకునిందో ఏమో, "మొగుడికి పోస్తే పెండ్లానికి పోసినట్లే" అనేసింది. కుర్చీ వేసి, ఆయన తొడల మీద కొత్త టవలు పరిచి, అందరం దోసిళ్ళతో పోస్తిమి. ఆయన మర్యాద చేస్తాండారనుకోని చేతులెత్తి మొక్కుతాండాడు. గాజులు కూడా పెడితిమి. అకౌంటెంటు రావు నోట్లో చేతిగుడ్డ కుక్కుకోని గోడ తట్టు తిరుక్కున్నాడు.

"ఏమి ఇది?" అని అడిగినాడు ఆయన. అందరూ నా మొగం చూసినారు. నాకు సిగ్గు యాడికి పోయిందో. "బిడ్డలు పుట్టాలని పోసే బియ్యం సార్. మీకు పోసినాము, బిడ్డ మాత్రం నాకు కావాల. కాన్పుకి ఇస్తారు, కాన్పు దాకా పోయేదానికి ఇయ్యరు, ఇదేం న్యాయం సార్?" అంటిని.

ఆయన మొగం ఎర్రగయిపోయింది. లేచిపోదామని చూసినాడు. "లేస్తే బియ్యం నేలపాలవుతాది, ఇంటికి మంచిది కాదు" అనింది జయమ్మ. మళ్ళా కూర్చున్నాడప్పా. టెంకాయ పట్టుకోని, తల వంచుకోని, "ఇన్సూరెన్సువాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు. వాళ్ళు ముందు కాదన్నారు. ఈయన విడవలా. చేర్పించినాడు.

ఆ బియ్యం ఏం చేసేదని వాళ్ళావిడ ఫోను చేస్తే, బెల్లమేసి పొంగలి వండుకోని తినమంటిని. తినింది. మరుసటి ఏడు ఆయమ్మకి, నలబై దాటినాక, ఆడపిల్ల పుట్టింది. పోసింది మేము, పండింది వాళ్ళింట్లో.

సాహుకారు లడ్లు పంచను వచ్చినాడు. నా మిషను కాడికొచ్చి, నేల చూస్తా ఒక లడ్డు పెట్టినాడు. నాకప్పటికి రెండుసార్లు ట్రీట్‌మెంటు చేసినా నిలవకుండా పోయుండె. "ఇంకొకటి ఇయ్యండి సార్" అని రెండు లడ్లు తీసుకుంటిని. ఏడుపు రాలేదని కాదు, వచ్చింది.

మూడోసారి కూడా నిలవలా తల్లీ. ప్యాకింగులో పనిచేసే లక్ష్మికి అదే ఇన్సూరెన్సుతో నిలిచింది, కొడుకు. నాకు లేదు. అయినా అడక్కపోయుంటే ఆ మూడుసార్లు కూడా నాకు ఉండేవి కాదు కదా. సారికి పదైదు దినాలు, నిలిచిందో లేదో తెలిసేదాకా, నేనూ తల్లినే అనుకోని నడిచినాను.

నువ్వు సోమవారం పో. మునిస్వామన్న మాదిరి నసగొద్దు, ట్రీట్‌మెంటు పేరు పెట్టి అడుగు. లేదు అన్నారంటే మళ్ళా అడుగు. నీ కడుపు చల్లగుండ. ఊఁ, కాఫీ తాగు, చల్లారిపోతాది...