ఇరవయ్యో నిమిషానికి ఆగే బండి

సభకి అధ్యక్షత వహిస్తున్న మన ఆసుపత్రి కమిటీ కార్యదర్శి దేవదానం గారికి, వేదిక మీదున్న డాక్టరమ్మగారికి, పాస్టరుగారికి, నర్సు చెల్లెళ్ళకి, వంటపాక దగ్గర నిలబడే వింటున్నవాళ్ళకి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న అంబులెన్సు డ్రైవరు, నా తమ్ముడు సీమోనుకి వందనాలు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కానని మీకు తెలుసు. బుధవారం కూటంలో అందరికంటే చిన్న ప్రార్థన నాదే. ఈ రోజు కొంచెం పొడుగవుతుంది. బిర్యానీ చల్లారకుండా చూసే పూచీ వంటవాళ్ళది. (నవ్వులు)

మా అమ్మకి ముగ్గురం. పెద్దదాన్ని నేను, నా తరవాతివాడు సీమోను. నాకు యాభై తొమ్మిది, వాడికి యాభై అయిదు. శాలువా కప్పి సన్మాన పత్రం చదివే పని అక్కనని నాకు అప్పగించారు. శాలువా బాగుంది. పత్రం ఇంకా బాగుంది, చుట్టూ బంగారు రంగు అంచు కూడా ఉంది. రేపు దానికి అద్దం కట్టించి గోడకి తగిలిస్తారు, వాడి మనవలు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. అందుకని ముందుగా నేను చదువుకున్నాను. నాలుగో వాక్యం ఇది: ‘తనలోని బలహీనతను కమిటీవారి మందలింపుతోను, సంఘ ప్రార్థనలతోను జయించి, మారిన మనిషిగా అందరికీ ఆదర్శప్రాయుడైన...’

ఆ వాక్యం మా తమ్ముడి గోడ ఎక్కకూడదు. అది చెప్పడానికే లేచాను.

ఆ బలహీనత ఏమిటో పాతవాళ్ళందరికీ తెలుసు, కొత్తగా చేరిన చెల్లెళ్ళ కోసం చెబుతాను. రెండు వేల ఆరు వేసవిలో మన అంబులెన్సుకి ఒక అలవాటు పట్టుకుంది. రాజోలులో రోగిని ఎక్కించుకుని అమలాపురం బయలుదేరితే సరిగ్గా ఇరవై నిమిషాలకి ఆగిపోయేది. అరగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కదిలేది. ఆ ఇరవయ్యో నిమిషానికి బండి ఎక్కడుండేదంటే, కాలవ మలుపులో, కల్లుపాక ఎదురుగా. మన కమిటీలో అందరూ చదువుకున్నవారు. బండిని, పాకని పక్కపక్కన పెట్టి చూసుకుని, సీమోను కల్లు కోసం ఆపుతున్నాడని కాఫీ తాగేలోపల తేల్చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా బండి ఇరవై నిమిషాలకే ఆగేది. అక్కడ ఎదురుగా ఉన్నది ప్రార్థన మందిరం. సీమోను ప్రార్థన కోసం ఆపుతున్నాడని మాత్రం ఎవరికీ తోచలేదు. (నవ్వులు) పాస్టరుగారూ, నవ్వండి, పరవాలేదు. అప్పట్లో మీకూ తోచలేదు.

ఒక మధ్యాహ్నం పురిటి నొప్పులతో ఉన్న నాగదుర్గ అనే అమ్మాయిని తీసుకెళుతుంటే బండి ఆ మలుపులోనే ఆగింది. సీమోను కేక వేస్తే పాకలోంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. వెనక వస్తున్న కొబ్బరికాయల ట్రాక్టరుని ఆపి, కాయలు గట్టు మీద పోసి, అమ్మాయిని పడుకోబెట్టి అమలాపురం చేర్చారు. తల్లీ బిడ్డా బతికారు. దాని మీద మన కమిటీ విచారణ జరిపింది. పిలవగానే పరుగెత్తుకొచ్చారంటే వాళ్ళతో సీమోనుకి ఎంత దగ్గర స్నేహం ఉండాలి అని రాసుకుంది.

ఆ విచారణలో సీమోను చెప్పింది ఒకటే మాట. “నేను ముట్టుకోలేదండి. ఇంజను వేడెక్కితే బండే ఆగిపోతందండి. ఓసారి షెడ్డుకి పంపించి చూపించండి.”

దేవదానం గారు, ఎంత చమత్కారులో మీకు తెలుసు కదా, “ఆయ్, పాక కనబడగానే బండికి దాహం వేస్తందేంటి సీమోనూ?” అన్నారు. అందరూ నవ్వారు. ఇప్పుడు మీరు నవ్వినట్టే.

వాడికి మెమో ఇచ్చి, తాళాలు తీసుకుని, గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. భాస్కర్‌ని డ్రైవరుగా పెట్టారు. భాస్కర్ టీ కూడా తాగడు. మొదటి ట్రిప్పులోనే, ఇరవయ్యో నిమిషానికి, పాక ఎదురుగా బండి ఆగింది. అప్పుడైనా బండిని అనుమానిస్తారనుకుంటారు మీరు. మన కమిటీ అంత తొందరపడే కమిటీ కాదు. గేటు దగ్గర కూర్చుని సీమోను ఈ కుర్రాడిక్కూడా అలవాటు చేసేశాడన్నారు. భాస్కరూ, తల దించుకోకు నాన్నా. నీకు మెమో కూడా రాలేదు.

ఇంతవరకూ కమిటీ తెలివి చెప్పాను. ఇప్పుడు నాది చెబుతాను.

నిజమేనా తమ్ముడూ అని నేను వాడిని అడగలేదు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క కొబ్బరాకుల దడి. దడి ఇవతల నించి అడిగినా వినపడుతుంది. అడగకుండా బుధవారం కూటానికి వెళ్ళి, ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య మోకరించి, కళ్ళు మూసుకుని, “ప్రభువా, నా తమ్ముడు సీమోనుని కల్లు నించి విడిపించు” అని ప్రార్థన చేశాను. కమిటీ ఇచ్చిన మెమో ఒక ఫైల్లో పడుంది. నా ప్రార్థన మాత్రం సాయంత్రానికి రాజోలంతా తిరిగింది. తోడబుట్టిన అక్కే దేవుడితో చెప్పుకుందంటే ఇక అనుమానం ఎవరికుంటుంది? వాడి కూతురికి చూస్తున్న సంబంధంవాళ్ళు ఆ వారమే కబురు పంపడం మానేశారు. ఆ పిల్లకి తరవాత మంచి సంబంధమే కుదిరింది. అది దేవుడి దయ, నాది కాదు.

చివరికి డాక్టరమ్మగారు పట్టుబట్టి బండిని అమలాపురంలో అంజిబాబు షెడ్డుకి పంపించారు. అతను ఏదో యంత్రం తగిలించి చూశాడు. ఇంజనుకి ఎంత డీజిలు ఎప్పుడు అందాలో చెప్పే పెట్టె ఒకటి ఉంటుందట, ఈసీఎం అంటారట, అది చెడిపోయింది. వేడెక్కితే లోపల అతుకు విడిపోయేది, చల్లారితే మళ్ళీ కలిసేది. కొత్త పెట్టె మద్రాసు నించి రావడానికి మూడు వారాలు పట్టింది. తెచ్చి బిగించినంత మాత్రాన బండి కదలదట. నువ్వు ఈ బండిదానివి, నీ తాళం ఇది అని ఆ పెట్టెకి నేర్పాలట. అంజిబాబు గంటసేపు కూర్చుని నేర్పాడు. రేకు పెట్టె గంటలో నేర్చుకుంది. మనం మూడేళ్ళుగా నేర్చుకుంటున్నాం.

అది మొదలు బండి ఎక్కడా ఆగలేదు. ఆ నెల కమిటీ రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, పాత పెట్టె మార్పించినందుకు డాక్టరమ్మగారికి అభినందన. దాని కిందే రెండోది, సీమోను మారినందుకు దేవుడికి స్తోత్రం, వాడికి తిరిగి తాళాలు. ఒకే కాగితం, ఒకే సిరా. (నవ్వులు)

ఆ ఆదివారం నేను ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. ప్రార్థన ఆలకించి నా తమ్ముడి చేత తాగుడు మానిపించిన దేవుడికి స్తోత్రం అన్నాను. సీమోను మూడో వరసలో కూర్చున్నాడు. అందరితో పాటు వాడూ ‘ఆమేన్’ అన్నాడు.

మరుసటేడు అంజిబాబు వాళ్ళమ్మకి జ్వరం వస్తే ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. మాటల్లో, మా తమ్ముడు తాగుడు మానేశాక బండి ఆగడం లేదయ్యా అన్నాను. అతను నా మొహం కేసి వింతగా చూశాడు.

“ఆయన తాగితే బండెందుకాగుద్దండి అక్కగారూ? తాగింది బండండి. శనివారం శనివారం బానెట్టెత్తి పంపుతో కడిగించేరంట కదా, పెట్టెలోకి నీళ్ళెళ్ళి చిలుమెక్కిపోయిందండి. లోపల నీళ్ళు కొట్టొద్దని సీమోనుగారు మొత్తుకున్నా వినలేదంటండి.”

ఆ పంపు కొని ఇచ్చిన దాత మన దేవదానం గారే. ఆదివారం గుడి ముందు అంబులెన్సు మెరవాలని వారి కోరిక. మెరిసింది కూడా.

ఆ సాయంత్రం ఈ సంగతి అడగడానికి మొదటిసారి దడి దాటి వెళ్ళాను. “ఎందుకు చెప్పలేదురా?” అన్నాను.

“చెప్పేను కదక్కా, కమిటీలో.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వడగలేదు కదా.” వాడు చేస్తున్న పని మీంచి తలెత్తలేదు. “మరి గుళ్ళో లేచి సాచ్చెం చెప్పేసేవు. నేను కాదంటే నిన్ను అబద్ధాలమనిషంటారు. నన్నంటే అన్నారులే. వదిలెయ్యక్కా.”

నేను వదిలేశాను. అంత బాగా చెప్పిన సలహా వినకపోతే ఎలా? రెండేళ్ళపాటు ప్రతి బుధవారం లోకంలో ఉన్న రోగులందరి కోసం, ప్రయాణాల్లో ఉన్నవారందరి కోసం ప్రార్థించాను. ఈ ఒక్క మాట మాత్రం నా నోటికి రాలేదు. అక్షరాలు అచ్చయి, బంగారు అంచు కట్టుకుని చేతికి వస్తే గాని రాలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. నేను చెప్పిన ఆ సాక్ష్యం అబద్ధం. దాన్ని మీ అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాను. నా తమ్ముడు ఏ రోజూ తాగి బండి నడపలేదు, తాగడానికి బండి ఆపలేదు. మానడానికి వాడి దగ్గర ఏమీ లేదు. బుధవారం కూటం చెల్లెళ్ళూ, ఆ ప్రార్థనని ఇంటింటికీ ఎంత శ్రద్ధగా చేరవేశారో ఇది కూడా అలాగే చేరవేయండి.

దేవదానం గారూ, నాలుగో వాక్యం మీద గీత కొట్టాను. గీత పక్కన మీ సంతకం కావాలి. ఇదిగోండి పెన్ను.

ఏమంటున్నారండి? కమిటీలో పెట్టాలా? ఆయ్, తప్పకుండా పెట్టండి. అంతవరకూ శాలువా నా చేతిలోనే ఉంటుంది, నేను ఇక్కడే నిలబడతాను. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, కానీ తొందరేం లేదు.

(అధ్యక్షులు సంతకం చేశారు.)

తారీఖు కూడా వెయ్యండి. సంతోషమండి.

ఓపికగా విన్న పెద్దలకి, బిర్యానీ చల్లారినందుకు నన్ను క్షమించబోయే వంటవాళ్ళకి కృతజ్ఞతలు. సీమోనూ, ఇలా రా. వంగకు. నిటారుగా నిలబడు, శాలువా కప్పడానికి నేనే స్టూలు ఎక్కుతాను. ఇక సెలవు.